చప్పుడు తగ్గించింది నేనే

ఎనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూడటానికి పెద్దదేమీ కాదు. పత్రికలో వేస్తే ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు రాసి బతికినవాణ్ణి, నాది రాద్దామని కూర్చున్న ప్రతిసారీ లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. వచ్చి వేరే ఏదో రాశాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెబితే వెంటనే ఓదారుస్తారు, లేదంటే మాట మారుస్తారు. ఆ రెండూ నాకు వద్దు. ఇక్కడ నా పేరు రాయడం లేదు, మిగతావాళ్ల పేర్లు మార్చాను. పేరు దాచుకుని ఒప్పుకుంటే సగమే ఒప్పుకున్నట్టు కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను.

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో ఒక దినపత్రిక విలేకరిని. మున్సిపాలిటీ, దవాఖానలు నా వంతు. పొద్దున తొమ్మిదికల్లా నా స్కూటర్ హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖాన ముందు ఆగేది. వార్త ఉన్నా లేకున్నా ఆగేది. అక్కడి క్యాంటీన్‌లో చాయ్ బాగుండేదని ఇంట్లో చెప్పేవాణ్ణి. నిజానికి యాకూబ్ కోసం వెళ్లేవాణ్ణి.

యాకూబ్ ఆపరేషన్ గదుల్లో మత్తు డాక్టర్ దగ్గర టెక్నీషియన్. ఖిలా వరంగల్‌లో కోట మట్టిగోడ పక్కనే ఇల్లు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆకుపచ్చ దుస్తులతోనే క్యాంటీన్‌కు వచ్చేసేవాడు, టోపీ తీసి జేబులో కుక్కుకుంటూ. నన్ను చూడగానే ఒకటే మాట.

"అన్నా, నీ పేపర్ల నా ఫోటో ఎప్పుడేస్తవే? సచ్చినంకనా?"

"సచ్చినంక ఉత్తగ వెయ్యరు తమ్మీ. అది యాడ్ కిందికి వస్తది."

"గట్లనా! అయితే బతికుండంగనే ఎయ్యి. మా అమ్మ సంబురపడ్తది."

రోజూ ఇదే హాస్యం, రోజూ కొత్తదే అన్నట్టు నవ్వేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే ఆ చాయ్ రుచి అంత గుర్తు లేదు. అతడు సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం గుర్తుంది. లోపలి నుంచి పిలుపు వస్తే సగం చాయ్ వదిలేసి పరుగెత్తడం గుర్తుంది. మిగిలిన ఆ సగం నేను తాగేవాణ్ణి.

అతని పై డాక్టరమ్మను అందరూ మేడం అనేవారు. సన్నగా, పొట్టిగా ఉండేది. ఆమె పని చేస్తుంటే చూడటానికి నాకు ఒకటి రెండుసార్లు అనుమతి దొరికింది. గుండె కొట్టుకోవడాన్ని చూపే మానిటర్‌కు ఆమె దాదాపు వీపు పెట్టి నిలబడేది. కళ్లు రోగి ముఖం మీద, చేతులు సిరంజిల మీద. చెవులు మాత్రం ఆ మానిటర్ టిక్‌టిక్ మీద. అది కాస్త నెమ్మదించినా, తెర మీద అంకె మారేలోపే తల తిప్పేది.

"కన్ను ఒక్క దిక్కే చూస్తది," అని నాతో ఒకసారి అంది. "చెవికి ఆ కష్టం లేదు."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. నేను కొత్తవాడలో పుట్టాను. మా నాయిన జంపఖానాలు నేసేవాడు. ముందు గదిలో ఎవరితోనో మాట్లాడుతూనే, వెనుక గదిలో మా పెదనాయిన మగ్గం చప్పుడులో చిన్న తడబాటు వినబడగానే "దారం తెగింది సూడు" అని అరిచేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. మేడం నిలబడే తీరు చూస్తే నాకు మా నాయిన కనబడేవాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ చప్పుడు విలువ తెలియక చేశానని మీరు అనుకోకూడదు. తెలుసు. వరంగల్‌లో ఏ విలేకరికీ తెలియనంత బాగా నాకు తెలుసు.

ఆ ఏడాది ఆ దవాఖానలో కొత్త వైద్యం మొదలైంది. తల తెరవకుండా, తొడ దగ్గరి నరం గుండా సన్నని గొట్టాన్ని మెదడు రక్తనాళాల దాకా పంపి బాగుచేయడం. హైదరాబాద్ నుంచి ఒక డాక్టర్ నెలకు రెండుసార్లు వచ్చేవాడు. దానిమీద పెద్ద కథనం రాస్తానన్నాను. మేడం సరేనంది. రాసేముందు ఒక సంగతి తెలుసుకోమంది.

"మెదడు పైపొరల ఉన్న నాళాన్ని మూసేటందుకు జిగురు లాంటి మందు పంపుతరు. ఆ మందు ఆ పొరకు తగిలితే ఒక్కోసారి గుండె ఉన్నట్టుండి నెమ్మదిస్తది. ఆగనుగూడ ఆగుతది. గుండెల రోగమేం ఉండదు. చల్లటి నీళ్లల్ల మొహం ముంచితే గుండె జంకుతది చూడు, అట్లాంటిదే."

"అప్పుడేం చేస్తరు మేడం?"

"మొదలు మందు పంపుడు ఆపాలె. ఆపితే చాలామట్టుకు దానంతటదే తేరుకుంటది. తేరుకోకపోతే సూది మందు. అది ముందే నింపి పెట్టుకుంట." ట్రేలో పేరు రాసి పెట్టిన సిరంజి చూపించింది. "కానీ అన్నిటికంటె ముందు తెలియాలె గద. తెలిసేది చెవికే."

ఇదంతా నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా చేత్తోనే.

ఆ రోజు రోగి కొమురయ్య. రఘునాథపల్లి దగ్గర రైతు. రెండేళ్లుగా కుడి చెవిలో హోరు. మెదడు పైపొరలో రెండు రక్తనాళాలు అడ్డదారిన కలిసిపోయి, తన గుండె చప్పుడు తనకే చెవిలో వినిపిస్తోంది. వదిలేస్తే మెదడులో రక్తం చిమ్మవచ్చని చెప్పారు. బల్ల మీద పడుకున్నాక కూడా అతనిలో భయం కనిపించలేదు. ఛాతీకి తీగలు పెట్టారు, వేలికి క్లిప్ తగిలించారు, మానిటర్ మోగుతోంది. ఇంకా మత్తు ఇవ్వలేదు. మేడం గది అవతలి మూల, ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు కోటు తొడుక్కుంటోంది. యాకూబ్ మందుల కోసం బయటికి వెళ్లాడు.

ఆ రోజుల్లోనే మా పత్రిక వాళ్లు ఒక కొత్త ఆజ్ఞ పెట్టారు. ప్రతి కథనంతో పాటు నిమిషం వీడియో పంపాలి. పాత చేతులం, మాకు ఫోన్ పట్టుకోవడమే సరిగా రాదు. వీడియో పంపని విలేకరి పేరు జిల్లా గ్రూపులో పెట్టేవారు. నేను కొమురయ్య తల దగ్గరకు వెళ్లి ఫోన్ పెట్టాను.

"చెవుల ఎట్లుంటది పెద్దయ్యా?"

"ఏం జెప్పాలె సారూ. బావికాడ మోటరు నడుస్తనే ఉంటది. కరెంటు వోయినా అది బంద్ గాదు!"

ఎంత బాగా చెప్పాడు. కానీ వీడియో మళ్లీ పెట్టి వింటే టిక్‌టిక్ అతని మాటను మింగేస్తోంది. మళ్లీ తీయాలి. టైం లేదు. గది తుడిచేటప్పుడు యాకూబ్ ఆ మానిటర్ శబ్దం ఎలా తగ్గిస్తాడో అంతకుముందు చూశాను. కింద మూల ఒక మీట. నాలుగైదుసార్లు నొక్కాను. పూర్తిగా పోలేదు. సన్నగా, గోడ అవతల పిట్ట కూసినట్టు మిగిలింది. కొమురయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి వీడియో శుభ్రంగా వచ్చింది.

తలుపు తోసుకుని యాకూబ్ వచ్చాడు. "అన్నా, ఇగ బయటికి నడువు. సార్ వస్తాండు, నిన్ను సూస్తె నన్ను తిడ్తడు." నా భుజాల మీద చేతులు వేసి సరదాగా పక్కనున్న అద్దాల గదిలోకి తోశాడు. నేను నవ్వుతూ వెళ్లాను. మీట సంగతి మరిచిపోయాను.

మరిచిపోయానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అద్దం వెనుక కుర్చీలో కూర్చున్నాక ఒకసారి గుర్తొచ్చినట్టే ఉంది. అప్పటికే మత్తు ఇస్తున్నారు, అందరూ హడావిడిగా ఉన్నారు, ఇప్పుడు లేచి వెళ్లి నేను మానిటర్ ముట్టుకున్నానని చెబితే మళ్లీ లోపలికి రానివ్వరు. వాళ్లే చూసుకుంటారులే. అలా అనుకున్నానని ప్రమాణం చేసి చెప్పలేను. అనుకోలేదని కూడా చెప్పలేను.

పక్కనే ఉన్నప్పుడు ఆ సన్నని చప్పుడు మేడంకు వినిపించిందట. పెంచమని యాకూబ్‌కు చెబుదామనుకుని, గొంతులో గొట్టం వేసే పనిలో పడిపోయిందట. ఎక్స్‌రే మొదలయ్యాక ఇద్దరూ సీసపు తెర వెనక్కి జరిగారు. అక్కడికి ఏమీ వినిపించదు. యంత్రాల హోరు తప్ప.

మందు పంపడం మొదలైంది. హైదరాబాద్ డాక్టర్ కళ్లు నాళాలు చూపే తెర మీద. మేడం తల వంచి కాగితంలో ఏదో నింపుతోంది. నా ముందు అద్దం దగ్గర చిన్న తెరలో గుండె అంకె ఉంది. డెబ్బై రెండు. అరవై. నలభై ఎనిమిది. నేను రాసుకుంటున్నాను. విలేకరి బుద్ధి అది. కళ్ల ముందు జరిగేదాన్ని ముందు కాగితం మీద పెట్టడం. ముప్పై మూడు అని రాశాక గానీ, రాయాల్సింది కాదు, అద్దం మీద కొట్టాల్సిందని నాకు తట్టలేదు. అప్పటికి మేడం తలెత్తింది.

"సార్, ఆపండి! ఆపండి!"

తెర మీద గుండె గీత చదునుగా ఉంది. మేడం సిరంజిలోని మందు ఎక్కించింది. యాకూబ్ స్టూల్ లాక్కుని ఎక్కి కొమురయ్య ఛాతీ మీద రెండు చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కుతూ లెక్కపెడుతున్నాడు. అద్దం వెనుక నాకు పెదవులే కనబడుతున్నాయి. ఎంతసేపు? కొన్ని సెకన్లే అన్నారు తరువాత. ఆ తరువాత గీత లేచింది. ఒకటి, ఇంకొకటి. ఆ రోజుకు పని ఆపేశారు.

కొమురయ్య బతికాడు. పక్కటెముకలు నొప్పి పెడుతున్నాయని నాలుగు రోజులు మూలిగాడు. నెల తరువాత మళ్లీ బల్ల ఎక్కించి ఆ నాళాన్ని మూశారు. ఇంటికి పోయే రోజు నన్ను చూసి "మోటరు బందయింది సారూ, ఇప్పుడు నిద్ర వడ్తలేదు, అలవాటు దప్పింది" అని నవ్వాడు. దానికి నేను కూడా నవ్వాను. ఎలా నవ్వానో తెలియదు.

ఆ సాయంత్రమే విచారణ. మానిటర్ శబ్దం అట్టడుగున ఉంది. పొద్దున యంత్రాలన్నీ సరిచూసి సంతకం పెట్టేది యాకూబ్. సంతకం ఉంది. శబ్దం లేదు. ఇక అడగడానికి ఏముంది?

మర్నాడు క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చాయ్ తెప్పించుకోలేదు.

"అన్నా, నువ్వు లోపలున్నవు గద. ఎవ్వలన్న మానిటర్ ముట్టంగ సూసినవా?"

"లే తమ్మీ. నేను చూడలే."

"పొద్దుగాల నేనే పెట్టిన. గీ చెవులతోటి విన్న. మల్ల ఎట్ల తగ్గుతది?"

అక్కడితో ఊరుకుని ఉంటే నా తప్పు ఒక అబద్ధంతో ఆగిపోయేది. ఊరుకోలేదు. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. బహుశా అతను అలా నా కళ్లలోకి చూడటం భరించలేక అన్నాను.

"ఏమో తమ్మీ. ఒక్కోసారి మర్చిపోతం. మనుషులం గద."

అతను జేబులోంచి టోపీ తీసి మళ్లీ మడిచాడు. తరువాత మెల్లగా తలూపాడు.

"అయిండొచ్చన్నా. మర్సిపోయిన్నేమో."

ఉద్యోగం పోవడం కంటే అదే పెద్దదని నాకు అప్పుడు తెలియలేదు. చేసింది తను కాదని అప్పటిదాకా అతనికి గట్టిగా తెలుసు. ఆ గట్టిదనాన్ని నేను తీసేసుకున్నాను. ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా తీసుకున్నాను!

ఇంకో పత్రికలో వార్త వచ్చింది. మా డెస్క్ నుంచి ఫోన్: మనకెందుకు రాలేదు? రాసి పంపాను. సిబ్బంది ఏమరుపాటు వల్ల అని రాశాను. శీర్షిక పెట్టేది డెస్క్ వాళ్లే, "గుండె ఆగినా పట్టని సిబ్బంది" అని వాళ్లే పెట్టారు. నేను కాదు. ఆ సాకుతో కొన్ని నెలలు గడిపాను. శీర్షిక వాళ్లది, కింది వార్త నాది. ఛాతీ నొక్కి మనిషిని బతికించింది యాకూబ్ అని అందులో ఒక్క ముక్క లేదు. కొమురయ్య వీడియో అదే రోజు ఫోన్లోంచి చెరిపేశాను. యాకూబ్‌ది కాంట్రాక్టు కొలువు. నెలాఖరు నుంచి రావద్దన్నారు.

ఆ తరువాత కూడా స్కూటర్ అలవాటుగా అటే తిరిగేది. క్యాంటీన్‌లో కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీ. కొన్నాళ్లకు రోడ్డు మార్చుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు? చెబుతాను. మా చెల్లెలి బిడ్డ మరో ఊళ్లో మత్తు వైద్యంలో పీజీ చేస్తోంది. ఈ మధ్య సెలవులకు వచ్చి, భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"మామయ్యా, మీ వరంగల్ ముచ్చట మాకు క్లాసుల చెప్తరు ఎరుకేనా? మా మేడం మునుపు ఇక్కడనే చేసిందట. మెదడుల మందు పంపేటప్పుడు గుండె పడిపోతే ఏం చెయ్యాలె అనే పాఠం వస్తె ప్రతి బ్యాచ్‌కు ఇదే కథ. టెక్నీషియన్ మానిటర్ సౌండ్ పెట్టుడు మర్చిపోయిండట! సూది చేతుల ఉంటె సరిపోదు, ముందు సౌండ్ చూస్కోండి అని చెప్తది. అంత మొద్దు ఎట్లుంటడు మామయ్యా?"

నేను ఆమెకు కూర వడ్డించాను. ఆ మేడం ఎవరో అడగలేదు, నాకు తెలుసు.

అంటే నేను చెప్పిన అబద్ధం ఇప్పుడు పాఠమైంది. ఏటా కొత్త పిల్లలు దాన్ని రాసుకుంటున్నారు. వాళ్లు రేపు తమ శిష్యులకు చెబుతారు. పేరు లేకపోవచ్చు. కానీ ఆ మొద్దు యాకూబే. నేను పోయాక కూడా అతను అలా మర్చిపోతూనే ఉంటాడు.

మూడో రోజు జనగామ బస్సు ఎక్కాను. అక్కడ ఒక చిన్న క్లినిక్‌లో యాకూబ్ ఈసీజీలు తీస్తున్నాడని కనుక్కున్నాను. మధ్యాహ్నం. ఒక ముసలమ్మ ఛాతీకి తీగలు పెడుతున్నాడు. పెట్టిన ప్రతి తీగనూ మళ్లీ వెనక్కి వచ్చి తాకి చూస్తున్నాడు. నన్ను చూసి ముఖం వెలిగింది.

"అరె, అన్నా! గింత ముసలోనివైనవేందే! ఇంటికి చెప్పకుంట పారిపోయి వచ్చినవా?"

ఆ నవ్వు చూసి వెనక్కి వెళ్లిపోదామనిపించింది. నిజంగా అనిపించింది. ముసలమ్మ వెళ్లాక, నిలబడే చెప్పాను. కొమురయ్య వీడియో, మీట, క్యాంటీన్‌లో నా మాట, వార్త, ఇప్పుడు మేడం క్లాసులో చెప్పే పాఠం. అన్నీ. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

అతను గోడకు ఆనుకున్నాడు. చేతిలో ఈసీజీ కాగితం చుట్టలు చుట్టుకుంటోంది.

"అంటే నేను మర్సిపోలే."

"లేదు తమ్మీ. నువ్వు మర్చిపోలే."

"నేను పెట్టిందే."

"నువ్వు పెట్టిందే. నేను తగ్గించిన."

 తరువాత నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఇంటికి తాళమేసి మల్ల వెనుకకు వోయి గుంజి సూస్త. గ్యాస్ బంద్ జేసి మల్ల సూస్త. మా ఇంటామె నవ్వుతది. నాకు మతిమరుపున్నదని నేనే అందరికి జెప్పుకున్న. ఎనిమిదేండ్లాయె."

బయట కాంపౌండర్ ఇంకో పేరు పిలిచాడు. యాకూబ్ కాగితం చాపి, దాని మీద ముసలమ్మ పేరు రాశాడు. రాసింది చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు.

"మేడంకు నువ్వే జెప్పు. నేను జెప్పిన్నాడు ఎవ్వలు ఇనలే. ఇగ పో, బయట మంది ఉన్నరు."

మాట చివర "అన్నా" అనలేదు. పద్దెనిమిదేళ్ల పరిచయంలో అదే మొదటిసారి. గుమ్మం దాకా రాలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను కానీ, అప్పటికే అతను వచ్చిన మనిషిని పడుకోబెట్టి చొక్కా గుండీలు విప్పమంటున్నాడు.

ఇంటికి వచ్చి మేడంకు ఉత్తరం రాశాను. అందులో నా పేరు ఉంది, ఊరు ఉంది, ఫోన్ నంబర్ ఉంది. ఇలా జరిగింది, ఇందులో యాకూబ్ తప్పు లేదు, ఛాతీ నొక్కింది మాత్రం అతనే, ఈ రెండూ మీ పిల్లలకు చెప్పండి అని రాశాను. ఆ దవాఖానకు ఒక ప్రతి పంపాను. నిన్న రిజిస్టరు పోస్టులో వేశాను. రసీదు ఇచ్చేటప్పుడు గుమాస్తా ఇంకేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను.

మేడం ఏమంటుందో తెలియదు. యాకూబ్ ఫోన్ చేయలేదు. చేయకపోవచ్చు. ఆ ఎనిమిదేళ్లు అతనికి తిరిగి ఇచ్చే దారి నాకు తెలియదు, ఎవరికైనా తెలుసని కూడా అనుకోను. వచ్చే బ్యాచ్‌కు మేడం ఆ పాఠం చెప్పేటప్పుడు, వీడియో కోసం మీట నొక్కిన ఒక పత్రికా విలేకరి గురించి చెబితే చాలు. మా చెల్లెలి బిడ్డ ఇంటికి వచ్చి ఆ విలేకరి ఎవరు మామయ్యా అని అడిగితే, చెబుతాను.